గడి కట్టినది తుడవరాదు

ముందే ఒక మాట చెప్పేస్తాను. మా బళ్ళో పాఠాలు మాయం చేస్తున్నది ఎవరో నాకు మొదటి రోజే తెలుసు. చెప్పుల చప్పుడు విని మనిషి జేబులో ఏముందో చెప్పగలవాణ్ణి, నాకు ఇదొక లెక్కా? ఇన్ని వారాలూ నోరు మెదపకుండా కూర్చున్నానంటే మిమ్మల్ని ఊరించడానికే. ఈ వారం ఆ ముడి విప్పేస్తాను.

పోయిన వారం చదవనివాళ్ళ కోసం, చదివి మరిచిపోయినవాళ్ళ కోసం కూడా, కథ ఎక్కడ ఆగిందో చెబుతాను. నా పాఠకుల్లో రెండో రకమే ఎక్కువని పత్రికవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పారు.

మా బడి టీచర్లంతా కలిసి ఒకే పేజీ మీద పాఠాలు తయారు చేస్తున్నారు. ఆ పేజీ కాగితం కాదు, కంప్యూటరులో ఉంటుంది. సైన్సు మాస్టారు తన గదిలో కూర్చుని వాన ఎలా పడుతుందో రాస్తుంటే, అదే క్షణాన పద్యాల మేడమ్ తన గదిలో కూర్చుని ఆ పక్కనే వాన మీద పద్యం రాస్తుంది. లెక్కల టీచరుగారు కింద ఆ వాననే గిన్నెలో పట్టించి ఎంత కురిసిందో లెక్క వేయిస్తారు. మబ్బు గీయడం నా వంతు. నేను పాత డ్రాయింగు మాస్టార్ని. రిటైరైపోయి ఇంట్లో గోడలకి నీతులు చెప్పుకుంటుంటే, బొమ్మల కోసమని పిలిపించి స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. ఎవరి రాత ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. ఆ పేజీకి ఉమ్మడి బోర్డు అని పేరు. పెట్టింది కంప్యూటర్లు నేర్పడానికి వచ్చిన అమ్మాయి. చిన్నది, సన్నగా ఉంటుంది, మా బళ్ళోనే చదువుకుంది. అందుకని అందరికీ బుల్లి టీచరు.

ఆ బోర్డు మీద రాసినవి కొన్నాళ్ళుగా రాత్రి ఇంటి దగ్గర తెరిచి చూసేసరికి మాయమవుతున్నాయి. పొద్దున్న మళ్ళీ ప్రత్యక్షమవుతున్నాయి. పోయిన వారం ఏటవతలి బడి టీచర్లు మా పద్ధతి చూసి మాతో కలుద్దామని వచ్చారు. వాళ్ళను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, గోడ మీద తెర వెలిగించారు. తెర మీద ఏమీ లేదు. పాఠం లేదు, పద్యం లేదు, చివరికి నా మబ్బు కూడా లేదు. ఏటవతలి హెడ్‌మాస్టరు గడ్డం నిమురుకుని, "శుభ్రంగా ఉంది" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మా హెడ్‌మిస్ట్రెస్, మేం పెద్ద మేడమ్ అంటాం, బుల్లి టీచరు వైపు తిరిగి, "శుక్రవారం సాయంత్రానికి ఇదెవరి పనో తేల్చి చెప్పు. తేలకపోతే ఈ బోర్డూ ఉండదు, సోమవారం నుంచి నువ్వూ రానక్కర్లేదు" అంది. బుల్లి టీచరుది ఏడాదికేడాది పొడిగించుకునే ఉద్యోగం. ఊదితే ఎగిరిపోతుంది. అక్కడ ఆగాం.

ఇప్పుడు ఆ శుక్రవారం సాయంత్రం.

మా స్టాఫ్ రూము పొడుగాటి గది. మధ్యలో రెండు బల్లలు కలిపి ఒకటిగా వేశారు. రెండూ ఒకే ఎత్తు కావు గనుక, ఆ అతుకు మీద పెట్టిన టీ గ్లాసు ఎప్పుడూ ఎవరో ఒకరి పక్షాన ఒలుకుతుంది. గోడ వార ఇనప బీరువా. దాని తలుపు పడాలంటే మోకాలితో ఒక పోటు పొడవాలి. బడిలో చేరిన కొత్త టీచరుకి మొదట నేర్పే విద్య అదే. కిటికీలోంచి ఆటస్థలం, అందులో ఎవరో మరిచిపోయిన నీళ్ళ సీసా. పిల్లలు వెళ్ళిపోయాక బళ్ళో ఒక రకం నిశ్శబ్దం వస్తుంది. పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో పై అంతస్తు నుంచి ఒక్క గొంతు మాత్రం వినిపిస్తోంది. లెక్కల టీచరుగారిది. పెద్ద తరగతి పిల్లలకు ఆవిడ సాయంత్రాలు విడిగా చెబుతారు. అందుకే ఇన్నాళ్ళ స్టాఫ్ రూము గొడవల్లో ఆవిడ ఒక్కదానికీ లేరు. ఆవిడ మెట్లు దిగేసరికి మేం పోట్లాడుకుని, అలిసిపోయి, ఇళ్ళకి పోయేవాళ్ళం. వచ్చే ఏడు ఆవిడ రిటైరవుతారు. ఆ బెంగ మాలో అందరికీ ఉంది, ఆవిడకి తప్ప.

పెద్ద మేడమ్ బల్ల కొసన కూర్చుంది. ఆవిడ చిన్నప్పుడు నా దగ్గర గుర్రం బొమ్మ గీసింది. స్టూలు బాగా గీశావమ్మా అని మెచ్చుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ ఉందని నా అనుమానం.

"ఎవరైనా ముందుకొచ్చి చెబితే గౌరవంగా ఉంటుంది" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు సైన్సు మాస్టారు జేబు తడుముకున్నాడు. జేబులో మార్కరు పెన్ను కారి చొక్కా మీద నీలం చెరువు కట్టింది.

"నా మీద చూపులెందుకండీ? నా పాఠం నేనే తుడుచుకుంటానా?"

"మీ పాఠం పోయిన రోజున నా పద్యం కూడా పోయింది" అంది పద్యాల మేడమ్. "నా పద్యం మీకు నచ్చదని అందరికీ తెలుసు."

"నచ్చకపోవడమేంటి మేడమ్. వాన ఎలా పడుతుందో నేను రెండు ముక్కల్లో చెబితే, మీరు మబ్బు ఏడుస్తోందని రాస్తారు. పిల్లలు నన్ను అడుగుతున్నారు, సార్, మబ్బుకి ఎవరు పోయారు అని."

"అంటే తుడిచేస్తారా?"

"తుడిచానని ఎవరన్నారు?"

"అనలేదు. అడిగాను."

నేను మధ్యలో కలగజేసుకుని, మబ్బు పోయినవాణ్ణి నేను, నేనే ఊరుకున్నాను కదా అన్నాను. ఇద్దరూ కలిసి, "మీరు ఊరుకోండి మాస్టారూ" అన్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం ఆ నెలలో అదే మొదలు. నా వల్ల బడికి కలిగిన మేళ్ళలో దాన్ని కూడా రాసుకోండి.

అప్పుడు సైన్సు మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. నిజానికి అది ఎప్పుడో రావలసిన ఆలోచన.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతాను. ఎవరి రాత ఎవరిదో రంగుల్లో చూపిస్తుంది కదా ఆ మిషను. మరి తుడిచింది ఎవరో చూపించదా?"

బుల్లి టీచరు ల్యాప్‌టాప్ మూత మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకి రాదు. చదువుకునే రోజుల్లో కూడా ఇంటిపని చేయకపోతే టీచరు అడక్కముందే లేచి నిలబడేది.

"చూపిస్తుంది సార్. హిస్టరీ అని ఉంటుంది. ఎవరు ఎప్పుడు రాశారు, ఎప్పుడు తీసేశారు, అన్నీ ఉంటాయి."

గదిలో టీ గుటకలు ఆగిపోయాయి.

"మరి చూశావా?" అంది పెద్ద మేడమ్.

"చూశాను మేడమ్."

"ఎప్పుడు?"

"మొదటి రోజే."

"అంటే నీకు తెలుసు."

"తెలుసు."

"ఎవరు?"

బుల్లి టీచరు మా అందరి ముఖాలూ ఒకసారి చూసి, మళ్ళీ తన చేతుల్ని చూసుకుంది.

"చెప్పను మేడమ్."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట. సైన్సు మాస్టారు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "నువ్వు చెప్పకపోతే పోనీ. అదెక్కడ నొక్కాలో చెప్పు, మేమే చూసుకుంటాం" అని ల్యాప్‌టాప్ వైపు చెయ్యి చాపాడు. ఆ అమ్మాయి దాన్ని తన వైపు లాక్కుంది. అంత పెద్దవాడి ముందు ఆ పని చేసినందుకు ముఖం కందిపోయింది గానీ పట్టు వదల్లేదు.

"రోజూ పొద్దున్నే అవి తిరిగి వస్తున్నాయంటే..." పద్యాల మేడమ్ నెమ్మదిగా అంది, "నువ్వే పెడుతున్నావా?"

"హిస్టరీలోంచి తెచ్చి పెట్టేదాన్ని మేడమ్. మీరంతా వచ్చేలోపల. ఏటవతలివాళ్ళు వచ్చిన రోజు నా బస్సు ఆలస్యమైంది."

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే మాట ఇక తిరగదని అర్థం.

"చూడమ్మా. ఈ పని కోసం నేను ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో నీకు తెలుసు. రెండు బళ్ళు, ఇంతమంది టీచర్లు, ఒక్కచోట కూర్చోకుండా కలిసి పనిచేయగలరని నేను నమ్మించాను. మొన్న తెల్లకాగితం చూపించి నవ్వులపాలయ్యాం. తప్పు చేసినవాళ్ళని నువ్వు కాపాడుతున్నావు. నేను అన్నమాట గుర్తుందా?"

"గుర్తుంది మేడమ్."

"అయినా చెప్పవా?"

"చెప్పను. తప్పు నాది మేడమ్. నేనే సరిగ్గా నేర్పలేదు."

సంచీలో తన సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది. సామానంటే ఏముంది, ఒక వైరు, ఒక డబ్బా, ఒక గొడుగు. వైరు చుట్టడానికే ఎక్కువ సేపు పట్టింది. మాలో ఒక్కరికీ ఆపే నోరు రాలేదు. టీ మాత్రం అందరం తాగేశాం.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. క్లాసు ముందే అయిపోయినట్టుంది. గుమ్మంలో లెక్కల టీచరుగారు. చేతుల నిండా సుద్ద. వేళ్ళ సందుల్లో, మణికట్టు దాకా, గడియారం అద్దం మీద, ఆఖరికి ఎడమ చెవి పక్క జుట్టులో కూడా ఒక తెల్లటి గీత. ఆవిడ గదిలోకి వస్తే సుద్ద వాసన ముందు వస్తుంది. నాకు ఎప్పుడూ ఆ వాసనకి పాత రోజులు గుర్తొస్తాయి.

"ఏమిటే, అప్పుడే సర్దేస్తున్నావు?" అన్నారు బుల్లి టీచరుతో. "నాకు ఇంకా బోర్డు పని ఉంది. ఆ కంప్యూటరు కాసేపు ఉంచు."

"ఏం పని టీచరుగారూ?" అంది పెద్ద మేడమ్ అలవాటుగా.

"ఏం పనేమిటమ్మా. తుడవద్దూ?"

బుల్లి టీచరు కళ్ళు మూసుకుంది.

"ఏం తుడవాలి?" అన్నాడు సైన్సు మాస్టారు.

"బోర్డు. రోజూ నేనే కదా తుడుస్తున్నది." ఆవిడ సంచి కుర్చీకి తగిలించి మా వైపు కాస్త కినుకగా చూశారు. "అనకూడదు గానీ, అందరూ రాసి అలాగే వదిలేసి పోతారు. ఒక్కరికి కూడా తుడిచి వెళ్దామని ఉండదు. ఆఖరున పోయేది నేనే గనక, పోనీలే అని రోజూ తుడిచి పోతున్నాను. దానికి ఎవరూ థాంక్స్ చెప్పక్కర్లేదు, కానీ ఇలా గుడ్లప్పగించి చూడక్కర్లేదు కూడా."

ఈ వ్యాసం మొదట్లో నాకు మొదటి రోజే తెలుసని రాశాను కదా. ఆ ముక్క కొట్టేయండి. నా అనుమానం మొదట సైన్సు మాస్టారి మీద. తరవాత కరెంటు మీద. మధ్యలో ఒక రోజు నా కళ్ళజోడు మీద. లెక్కల టీచరుగారి మీద అనుమానం వచ్చేంత తెలివి నాకుంటే డ్రాయింగు ఎందుకు నేర్చుకుంటాను?

"టీచర్..." బుల్లి టీచరు కళ్ళు తెరిచింది. "నేనే చెప్పాను మీకు. దీన్ని మన క్లాసు బోర్డు అనుకోండి టీచర్, అందరం ఒకే బోర్డు మీద రాస్తాం అని."

"అవును. చక్కగా అర్థమయ్యేలా చెప్పావు. నువ్వలా చెప్పబట్టే భయం పోయింది నాకు."

"మీరు తుడుస్తున్నవి పాఠాలండీ" అంది పద్యాల మేడమ్. "మేం రోజుల తరబడి రాసినవి."

లెక్కల టీచరుగారు ఒక్కొక్కరినే చూశారు. సుద్ద చెయ్యి బల్ల మీద ఆనించి నెమ్మదిగా కూర్చున్నారు.

"మరి ఒక్కరూ గడి కట్టలేదే" అన్నారు.

ఇక్కడ కథను కాసేపు మేకుకి తగిలిస్తాను. కోప్పడకండి. గడి సంగతి తెలియకపోతే మిగతాది మీకు రుచించదు.

నేను చదువుకున్న పల్లెబడికి గది ఒకటే, నల్లరంగు పూసిన బోర్డు ఒకటే, పంతులుగారూ ఒకరే. తరగతులు మాత్రం నాలుగు. పంతులుగారు తాడుకి సుద్ద పట్టించి, బోర్డు మీద నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగి కొట్టేవారు. నాలుగు గడులు పడేవి. ఎవరి గడి వాళ్ళది. ఒక వానాకాలం నాలుగో తరగతి గడిలోని నది పొంగి మా రెండో తరగతి కూడికల్లోకి వచ్చింది. మా అంకెలు కొన్ని కొట్టుకుపోయాయి. నా మొత్తం తప్పింది అందుకే. మీరు నమ్మకపోయినా నాకేం బాధ లేదు, మా పంతులుగారూ నమ్మలేదు.

పెద్దయి ఈ బళ్ళో ఉద్యోగానికి వస్తే ఇక్కడా అదే చట్టం. గంట కొట్టగానే టీచరు తను రాసింది తనే తుడిచి, తరవాత వచ్చేవాళ్ళకి నల్లగా నిగనిగలాడే బోర్డు అప్పగించి వెళ్ళాలి. పిల్లల చేత తుడిపించకూడదు. తిన్న కంచం ఎదుటివాళ్ళ చేత తీయిస్తామా అనేవారు లెక్కల టీచరుగారు. ఏదైనా ఉంచాలనుకుంటే దాని చుట్టూ గడి కట్టాలి. గడి కట్టినది ఎవరూ తుడవరు. ఒకసారి ఎవరో సెలవులకు ముందు గడి కట్టి మరిచిపోయిన తీసివేత లెక్క ఒకటి సెలవులన్నీ అలాగే ఉంది. బోర్డుకి రంగు వేయడానికి వచ్చినవాడు కూడా దాని చుట్టూ వేసి వెళ్ళాడు. శనివారం డస్టర్లన్నీ పోగేసి గోడకి కొట్టేవాళ్ళం. ఆ తెల్లటి మబ్బులో ఒక పోస్టుమాను సైకిలుతో సహా దారి తప్పి, మా ఏడో తరగతిలోకి వచ్చి కూర్చుని, పరీక్ష రాసి పాసయ్యాడు.

ఆ చట్టానికి భక్తులు ఇద్దరు. ఒకరు లెక్కల టీచరుగారు. రెండోవారు భూగోళం మాస్టారు. ఆయన పీరియడు కాగానే ఆవిడ పీరియడు. ఆయన వెళుతూ బోర్డు మీద ఒక మూల గడి కట్టి నదినో కొండనో వదిలి వెళ్ళేవారు. ఆవిడ వచ్చి ఆ నది మీద వంతెన వేయించి పొడవు లెక్క కట్టించేవారు. ఆ కొండకి నిచ్చెన వేయించి కోణం కొలిపించేవారు. మర్నాడు ఆయన వచ్చేసరికి ఆవిడ ఆ గడిలో ఒక ప్రశ్న వదిలేవారు. ఇప్పుడు పెద్ద మేడమ్ మీటింగుల్లో కలిసి బోధించడం అని గంటసేపు చెప్పేదంతా, వాళ్ళిద్దరూ గుమ్మంలో ఎదురుపడి తప్పుకునేపాటి సమయంలో చేసేవారు. నోటితో మాట్లాడుకోగా నేను చూసింది తక్కువ. ఉన్న మాటలన్నీ ఆ గడిలోనే.

ఒక రోజు భూగోళం మాస్టారు సాయంత్రమంతా నిలబడి, రంగు సుద్దలతో మా ఏరు పుట్టిన చోటు నుంచి కలిసే చోటు దాకా గీశారు. బోర్డు నిండిపోయింది. అంత అందమైన ఏరు నేను కూడా గీయలేదు, ఒప్పుకుంటాను. ఆ మురిపెంలో గడి కట్టడం మరిచిపోయారు. మర్నాడు మొదటి పీరియడు లెక్కలు. ఆవిడ తుడిచేశారు. మీకు కళ్ళు లేవా అన్నారాయన. గడి లేదు అన్నారావిడ. ఇద్దరూ చట్టం తెలిసినవాళ్ళే గనక అంతకు మించి వాదన లేదు. ఆ ఏడాదే ఆయన కోరి ఏటవతలి బడికి వెళ్ళిపోయారు. పోయిన వారం ఆ బడి నుంచి అందరూ వచ్చినా ఆయన మాత్రం రాలేదు. ఒంట్లో బాగాలేదట.

సరే, మేకు మీది కథను దించుకుందాం.

"గడి కట్టి ఉంటే నేనెందుకు తుడుస్తాను?" అన్నారు లెక్కల టీచరుగారు. ఆ గొంతులో కినుక పోయింది. "పొద్దున్న వచ్చేసరికి మళ్ళీ అన్నీ రాసి ఉండేవి. పాపం ఎంత తొందరగా వచ్చి రాస్తున్నారో అనుకునేదాన్ని. నిన్నటి పాఠమే మళ్ళీ రాశారేమిటా అని కూడా అనుకున్నాను. అర్థం కాని పిల్లలుంటారు కదా, మళ్ళీ చెబుతున్నారేమో అనుకున్నాను." బుల్లి టీచరు వైపు తిరిగారు. "నా లెక్కలు కూడా పొల్లు పోకుండా ఉండేవి. ఎవరో గుర్తుపెట్టుకుని రాస్తున్నారని కాస్త గర్వపడ్డాను కూడా."

పెద్ద మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదే పిల్లా" అంది బుల్లి టీచరుతో.

"ఎలా చెప్పను మేడమ్? మౌస్ పట్టుకోవడానికే టీచరుగారికి అన్ని రోజులు పట్టింది. నా వల్ల అడ్డమైతే చెప్పవే, మానేస్తాను అన్నారు మొదటి రోజే. తప్పని తెలిస్తే ఇక దాని జోలికి రారు. ఆ లెక్కలు ఎవరి దగ్గరా లేవు. వచ్చే ఏడు టీచరుగారు ఉండరు."

లెక్కల టీచరుగారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే ఆవిడ పిల్లలు భయపడేవారు. మేమూ భయపడ్డాం.

"నేను తుడిచినవన్నీ ఉన్నాయన్నావా అందులో?"

"ఉన్నాయి టీచర్."

"చూపించు."

బుల్లి టీచరు చుట్టిన వైరు విప్పి తగిలించింది. గోడ మీద తెర వెలిగింది. పాత రోజులు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. పద్యాల మేడమ్ ఏడ్చే వాన. సైన్సు మాస్టారి ఏడవని వాన. నా మబ్బులు, లావువి, సన్నవి. వాటి కింద ఆవిడ లెక్కలు, ఆకుపచ్చ రంగులో. ఒక లెక్కలో సైన్సు మాస్టారి వానచుక్క పద్యాల మేడమ్ పూరేకు మీద పడి జారితే ఎంత సేపటికి నేల చేరుతుంది అని ఉంది. వాళ్ళిద్దరినీ ఒకే లెక్కలో కూర్చోబెట్టారు ఆవిడ. అది చదివి ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక తెర వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఎన్ని బోర్డులు తుడిచానో ఈ చేత్తో" అన్నారు లెక్కల టీచరుగారు. "అవి కూడా ఇలా ఎక్కడో ఉండి ఉంటే బాగుండేది."

"ఉన్నాయండీ" అంది పెద్ద మేడమ్. "నేను మీ క్లాసులో మూడో బెంచీ." తరవాత గొంతు సవరించుకుని బుల్లి టీచరు వైపు తిరిగింది. "సోమవారం తొందరగా రా. ఏటవతలివాళ్ళని మళ్ళీ పిలుస్తున్నాను. ఈసారి బస్సుని నమ్ముకోకు, నేను వస్తూ ఎక్కించుకుంటాను."

కథ ఇక్కడ అయిపోయి ఉంటే నాకూ సుఖంగా ఉండేది. కానీ సైన్సు మాస్టారికి ఆ రోజు ఆలోచనలు వచ్చే రోజు. తెర దగ్గరికి వెళ్ళి, "ఆగండాగండి. ఈ తుడిచేసిన పేజీ కిందికి జరుపు అమ్మాయ్. ఇంకా, ఇంకా. ఇదేంటి?" అన్నాడు.

ఖాళీ పేజీ అట్టడుగున ఒక చిన్న గడి ఉంది. మొన్న ఏటవతలివాళ్ళ ముందు ఎవరూ అంత కిందికి జరిపి చూడలేదు. ముందు రోజు పేజీలో కూడా ఉంది. దాని ముందు రోజు కూడా. అన్నీ పోయినా అది మాత్రం పోలేదు. గడిలో ఒకటే వరస, మాలో ఎవరిదీ కాని గోధుమ రంగులో:

ఈసారి గడి కట్టాను.

"ఇదెవరి రంగు?" అంది పెద్ద మేడమ్.

"ఏటవతలి బడిది మేడమ్" అంది బుల్లి టీచరు. "మొదట్లోనే వాళ్ళందరికీ బోర్డు తాళం, అదే పాస్‌వర్డు, ఇచ్చాం కదా. వచ్చి రాసింది ఒక్కరే."

నేను లెక్కల టీచరుగారిని చూశాను. ఆవిడ తెరను చూడటం లేదు. రోజూ చూస్తున్నదాన్ని మళ్ళీ చూడడమెందుకు?

"దీన్ని మీరు తుడవలేదే" అన్నాడు సైన్సు మాస్టారు.

"గడిలో ఉంది కదా."

"మరి దీని కింద..." అతను తెరకి ముక్కు ఆనించేలా వంగాడు. "దీని కింద ఆకుపచ్చ రంగులో ఏదో రాసి తీసేసినట్టు గీతలున్నాయి. రోజూ ఉన్నాయి. అమ్మాయ్, ఇవి కూడా వెనక్కి వస్తాయా?"

బుల్లి టీచరు మౌస్ మీద చెయ్యి వేసి లెక్కల టీచరుగారి వైపు చూసింది. ల్యాప్‌టాప్‌ని ఎందుకంత గట్టిగా లాక్కుందో, ఉద్యోగం పోతుందన్నా నోరెందుకు విప్పలేదో నాకప్పుడు తెలిసింది. అది తుడిచిన పాఠాల కోసం ఒక్కటే కాదు.

"టీచర్" అంది చాలా మెల్లగా. "నేను ఇవి చదవలేదు. ఒట్టు. ఉన్నాయని మాత్రం తెలుసు. తెరవనా? వద్దా?"

లెక్కల టీచరుగారు లేచి వెళ్ళి, ఆ పిల్ల చేతిని తప్పించి, తన చెయ్యి మౌస్ మీద పెట్టారు. కాసేపటికి తీసేశారు. నల్లటి మౌస్ మీద తెల్లగా సుద్ద ముద్ర మిగిలింది. అది నొక్కిన వేలి ముద్రో, నొక్కనివ్వకుండా కప్పిన అరచేతి ముద్రో చూద్దామని కిటికీ పక్క కుర్చీలోంచి నేను మెడ చాచాను.

మీరూ చాచారు కదూ? ఇక వెనక్కి తీసుకోండి. ముద్ర లేదు. ఆ సుద్ద నేను కల్పించింది. మా బళ్ళో సుద్దముక్క కనబడి ఏళ్ళయింది. ఇప్పుడన్నీ తెల్ల బోర్డులు, సైన్సు మాస్టారి చొక్కా పాడుచేసే మార్కర్లు. ఆ సాయంత్రం ఆవిడ చేతులు నా చేతుల్లాగే శుభ్రంగా ఉన్నాయి. ఆవిడ గుమ్మంలో నిలబడితే నాకు మాత్రం ఎప్పుడూ సుద్దతోనే కనబడతారు, నేనేం చేయను? పోస్టుమాను సంగతి నిజం. గడి నిజం. ఆవిడ మౌస్ మీద చెయ్యి పెట్టడమూ నిజమే.